అంతర్జాతీయ మానవ హక్కుల చట్టం ఎలా చదవాలి? ఊరి నుంచి జెనీవా దాకా, మళ్లీ ఊరిదాకా

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హైదరాబాద్‌లో ఎల్‌ఎల్‌బీ రెండో ఏడు చదువుతున్నారు. డిగ్రీలో సోషియాలజీ. మానవ హక్కుల పేపరంటే ఇష్టమే గానీ, క్లాసులో ఒప్పందాల పేర్లు, సంవత్సరాలు, ఆర్టికల్ నంబర్లు తప్ప ఇంకేమీ చెప్పడం లేదు. "అదంతా కాగితం చట్టం, ఇక్కడ నడవదు" అని సీనియర్లు అంటున్నారు. సమాజంతో, రాజకీయాలతో కలిపి చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, చదివితే పనికొస్తుందా, ఎల్‌ఎల్‌ఎమ్‌కి విదేశం వెళ్లాలా?

నేను ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లోనే ప్రాక్టీసు చేస్తున్నాను. నిజనిర్ధారణ బృందాలతో జిల్లాలు తిరిగాను. నాలుగేళ్లు ఒక లా కాలేజీలో ఇదే పేపరు చెప్పాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ఒప్పందంతో మొదలుపెట్టకండి. మీకు తెలిసిన ఒక ఊరితో, ఒక మనిషితో మొదలుపెట్టండి. అక్కడి నుంచి స్టేషనుకు, కోర్టుకు, మానవ హక్కుల కమిషన్‌కు, ఢిల్లీకి, ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీలు కూర్చునే జెనీవాకు ఒక్కో మెట్టూ ఎక్కండి. ఎక్కిన దారిలోనే దిగి రండి. ప్రతి మెట్టు దగ్గరా రెండే ప్రశ్నలు వేసుకోండి. ఈ మాటను ఇక్కడిదాకా మోసుకొచ్చింది ఎవరు? ఇక్కడ ఆపింది ఎవరు? చట్టం, సమాజం, రాజకీయం మూడూ ఆ రెండు ప్రశ్నల్లోనే కలుస్తాయి. పనికొస్తుందా అంటే, తప్పకుండా వస్తుంది. ఎలాగో ఒక కేసుతో చెబుతాను.

2013లో అప్పటి కరీంనగర్ జిల్లా జగిత్యాల దగ్గరి పల్లె నుంచి ఒకామె నాంపల్లిలోని మా ఆఫీసుకు వచ్చింది. చేతిలో బట్టల షాపు కవరు. అందులో భర్త పాస్‌పోర్టు జిరాక్సు, ఏజెంటుకు డబ్బు కట్టినట్టు నోటుబుక్కులోంచి చింపిన కాగితం, అరబ్బీలో రెండు పేజీల కాంట్రాక్టు. "మేడం, గిండ్ల ఏం రాసిన్రో జర సదివి చెప్పుర్రి" అంది. నాకు అరబ్బీ రాదు. పాతబస్తీలో తెలిసిన మౌల్వీ సాబ్ దగ్గరికి ఇద్దరం ఆటోలో వెళ్లి చదివించుకున్నాం. ఏజెంటు నోటితో చెప్పిన జీతం 1,200 రియాళ్లు. కాగితంలో ఉన్నది 800. ఆయన ఆ అంకె చదువుతుంటే ఆమె కాగితం వైపు చూడలేదు, తన కొంగు వైపు చూసుకుంటూ కూర్చుంది.

భర్తకు సౌదీలో ఏడు నెలలుగా జీతం లేదు. పాస్‌పోర్టు యజమాని దగ్గరుంది. ఓపిక పట్టలేక క్యాంపు నుంచి బయటపడ్డాడు. మన పల్లెల్లో దాన్నే "కల్లివెల్లి అయిండు" అంటారు. చేతిలో అకామా (నివాస అనుమతి కార్డు) లేదు, దొరికితే జైలు.

ఇప్పుడు చట్టం చూడండి. వలస కార్మికుల హక్కుల ఒప్పందం ఒకటుంది. 1990లో ఐక్యరాజ్యసమితి ఆమోదించింది, 2003లో అమల్లోకి వచ్చింది. దాని 21వ ఆర్టికల్ చదివితే ఈ మనిషిని చూసే రాశారేమో అనిపిస్తుంది. చట్టప్రకారం అధికారం ఉన్న ప్రభుత్వోద్యోగి తప్ప మరెవరూ కార్మికుడి గుర్తింపు పత్రాలు లాక్కోకూడదు. కానీ ఆ ఒప్పందంలో సౌదీ చేరలేదు. మరే గల్ఫ్ రాజ్యమూ చేరలేదు. మనుషుల్ని పంపే మన దేశం కూడా చేరలేదు. అతని కష్టాన్ని అంత కచ్చితంగా చెప్పిన ఆర్టికల్‌కు ఆ కథలో ఉన్న ఏ ప్రభుత్వమూ కట్టుబడి లేదు.

చివరికి అతను ఎలా వచ్చాడు? ఆ ఏడాది సౌదీ ప్రభుత్వం నితాకత్ అమలు చేస్తోంది. ప్రైవేటు ఉద్యోగాల్లో తమ పౌరులకు వాటా ఉండాలన్న విధానం అది. అందులో భాగంగా కాగితాలు లేనివాళ్లకు గడువు పెట్టి, ఆలోగా వెళ్లిపోతే జరిమానా లేకుండా వదిలేసింది. మేము రాయబార కార్యాలయానికి అర్జీ మీద అర్జీ పెట్టాం, పాస్‌పోర్టు లేనివాళ్లు ఇంటికి రావడానికి ఇచ్చే ఔట్‌పాస్ వచ్చింది, మనిషి వచ్చాడు. జీతం బకాయి మాత్రం ఇప్పటికీ రాలేదు. అతన్ని ఇంటికి చేర్చింది ఏ ఆర్టికలూ కాదు, ఇంకో దేశంలో నిరుద్యోగుల రాజకీయం. ఇది తెలియకుండా 21వ ఆర్టికల్‌ను ఎంత కంఠస్థం చేసినా ఈ కేసు అర్థం కాదు.

మరి ఆ ఒప్పందం దండగేనా? కాదు. అర్జీ రాయడానికి కూర్చున్నప్పుడు ఆమెను ఏమేం అడగాలో నాకు ఆ ఒప్పందమే నేర్పింది. జబ్బు చేస్తే చూపించారా, మన కాన్సులేటుతో మాట్లాడనిచ్చారా, పక్కనున్న స్థానికుడికి అదే పనికి ఎంత ఇస్తున్నారు, సంపాదించింది ఇంటికి పంపుకోనిచ్చారా? ఇవన్నీ అందులో ఆర్టికల్స్‌గా ఉన్నాయి. అవి చదవకముందు నేను "జీతం రాలేదు, పాస్‌పోర్టు లేదు" అని రెండు వాక్యాలు రాసి ఊరుకునేదాన్ని. రిజిస్ట్రేషన్ లేకుండా మనుషుల్ని పంపాడని ఆ ఏజెంటు మీద 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద పెట్టిన ఫిర్యాదు నిలబడడానికి ఆ వివరాలే ఆధారమయ్యాయి.

క్లాసులో చెప్పని ఇంకో సంగతి. ఏ దేశం దేంట్లో చేరిందో చూపే పట్టిక చూసి ఆ దేశం ఎలాంటిదో తేల్చకండి. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందంలో సౌదీ 1997లోనే చేరింది. మనం అదే ఏడాది అక్టోబర్‌లో సంతకం పెట్టాం గానీ, దానికి కట్టుబడతామని ఈ రోజుకీ ధృవీకరించలేదు. 2010లో ఒక బిల్లు లోక్‌సభ దాటింది, రాజ్యసభ సెలెక్ట్ కమిటీకి వెళ్లింది, అక్కడే మురిగిపోయింది. 2017లో లా కమిషన్ తన 273వ నివేదికలో ధృవీకరించమని సిఫారసు చేసింది. సంతకానికీ ధృవీకరణకూ మధ్య ఇన్నేళ్ల ఖాళీ ఎందుకుందో వెతకండి. ఆ ఖాళీలో పోలీసు వ్యవస్థ, ఎన్నికలు, "దొంగను కొడితే తప్పేంటి" అనే మన ఇళ్లలోని మాటలు, అన్నీ కనిపిస్తాయి. సోషియాలజీ చదివినవాళ్లకు అంతకంటే మంచి ప్రాజెక్టు దొరకదు.

"కాగితం చట్టం" అన్న మాటకు వద్దాం. మీ సీనియర్ల మాటలో సగం నిజం ఉంది. మన దగ్గర ఒప్పందం మీద సంతకం పెట్టగానే అది చట్టం కాదు, పార్లమెంటు చట్టం చేయాలి. రాజ్యాంగం 253వ అధికరణ ఆ అధికారం ఇస్తుంది. 51(సి) అంతర్జాతీయ చట్టాన్ని గౌరవించమంటుంది, అయితే అది కోర్టులో అమలు చేయించుకోలేని ఆదేశిక సూత్రం మాత్రమే. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక కింద వ్యక్తులు నేరుగా ఐక్యరాజ్యసమితి కమిటీకి ఫిర్యాదు చేసుకునే ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో మనం చేరలేదు. కాబట్టి జగిత్యాల నుంచి జెనీవాకు ఫిర్యాదు వెళ్లే దారి మూసే ఉంది.

మిగతా సగం మాత్రం తప్పు. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసు చదవండి. అప్పు కట్టలేనివాణ్ని జైల్లో పెట్టొచ్చా అన్నది ప్రశ్న. జస్టిస్ కృష్ణయ్యర్ ఒడంబడికలోని 11వ ఆర్టికల్‌ను సివిల్ ప్రొసీజర్ కోడ్ 51వ సెక్షన్ పక్కన పెట్టి చదివి, కట్టలేకపోవడం వేరు, ఉండి ఎగ్గొట్టడం వేరు అన్నారు. 1997లో విశాఖ కేసు (విశాఖ ఇక్కడ ఊరు కాదు, కేసు వేసిన సంస్థ పేరు). అది అందరికీ తెలుసు గానీ, దాని వెనక రాజస్థాన్‌లో భటేరీ అనే ఊరుందని, బాల్యవివాహం ఆపబోయిన భన్వరీ దేవి అనే 'సాథిన్' (ప్రభుత్వ మహిళాభివృద్ధి పథకంలో గ్రామ కార్యకర్త) ఉందని, 1992లో ఆమె మీద అత్యాచారం జరిగితే కింది కోర్టు నిందితులను వదిలేసిందని ఎంతమందికి తెలుసు? మహిళా సంఘాలు ఆమె బాధను తీసుకెళ్లి స్త్రీల పట్ల వివక్ష నిర్మూలన ఒప్పందం పక్కన పెట్టాయి. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. పార్లమెంటు చట్టం చేయడానికి ఇంకో పదహారేళ్లు, అంటే 2013 దాకా పట్టింది. కోర్టు తీర్పు ఒక్కటే చదివితే ఈ కథలో మూడో వంతు చదివినట్టు.

డిక్లరేషన్లు చదవడం అలవాటు చేసుకోండి. ఒప్పందంలో చేరేటప్పుడు దేశాలు "ఇది మాకు వర్తించదు" అని రాసిచ్చే నాలుగు వాక్యాలు అవి. విద్యార్థులు వాటిని వదిలేస్తారు. అసలు రాజకీయమంతా అక్కడే ఉంటుంది. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో చేరుతూ, అక్రమ అరెస్టుకు నష్టపరిహారం మా దేశంలో హక్కు కాదని భారత ప్రభుత్వం రాసిచ్చింది. కొన్నేళ్లకు, 1993లో, నీలబతీ బెహరా కేసులో కస్టడీలో చనిపోయిన కొడుకు కోసం వచ్చిన తల్లికి సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించింది. ప్రభుత్వం వద్దని రాసిచ్చిన ఆ ఒడంబడిక 9(5) ఆర్టికల్‌నే కోర్టు తోడు తెచ్చుకుంది. తర్వాత అరెస్టులు, కస్టడీ మీద సుప్రీంకోర్టు ఇచ్చిన డి.కె. బసు తీర్పు, ఆ మినహాయింపుకు ఇక విలువ లేదన్నంత పని చేసింది. ప్రభుత్వం మూసిన తలుపును ఒక తల్లి అర్జీ తెరిచింది.

పోలీసులు అరెస్టు సమయం రాసి, సాక్షి సంతకం తీసుకోవాల్సిన కాగితం, అరెస్టు మెమో, డి.కె. బసు నుంచే వచ్చింది. నేను జీవితంలో మొదట చూసిన అరెస్టు మెమో ఇంకా కళ్ల ముందుంది. అరెస్టు సమయం సాయంత్రం ఆరు గంటలని నీలం ఇంకుతో ఉంది. సాక్షి సంతకం నల్ల ఇంకుతో ఉంది. ఆ అబ్బాయి తల్లి ముందురోజు రాత్రి నుంచే ఆ స్టేషను మెట్ల మీద కూర్చుని ఉంది, టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని. మెజిస్ట్రేటు గారికి ఆ రెండు ఇంకుల తేడా చూపించాం. పోలీసుల తరఫున జవాబు రాలేదు, రిమాండు మాత్రం పడింది. అబ్బాయికి బెయిలు వచ్చేసరికి పదకొండు రోజులు. ఆ మెమో అనేదే లేకపోతే చూపించడానికి ఆ రెండు ఇంకులు కూడా ఉండేవి కావు. ఈ చట్టం పనిచేసే తీరు చాలాసార్లు ఇంతే ఉంటుంది. ఆ చిన్న చోటు విలువ తెలుసుకోండి.

తేదీలు బట్టీ పట్టకండి, ప్రతి తేదీనీ "అప్పుడే ఎందుకు?" అని అడగండి. రెండు ఒడంబడికలూ (పౌర, రాజకీయ హక్కులది ఒకటి, ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కులది ఇంకొకటి) 1966లో వస్తే మనం 1979 ఏప్రిల్ 10న చేరాం. ఎందుకు 1979? ఎమర్జెన్సీ అయిపోయి, జనతా ప్రభుత్వం ఉన్న కాలం అది. మానవ హక్కుల రక్షణ చట్టం, జాతీయ కమిషన్ 1993లోనే ఎందుకు? పంజాబ్, కశ్మీర్ విషయంలో బయటి నుంచి విమర్శ పెరిగిన కాలం అది. అందుకే ఆ చట్టంలో 19వ సెక్షన్ ఉంది, సాయుధ బలగాల మీద కమిషన్ అధికారాన్ని కుదించేది. 2(డి) సెక్షన్‌లో మానవ హక్కుల నిర్వచనాన్ని కూడా పట్టిపట్టి చదవండి. ఒడంబడికల హక్కులను చేరుస్తూనే "భారత కోర్టులు అమలు చేయగలిగినవి" అని ముడి వేశారు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో పట్టుకోవడం అంటే అదే.

మన నేల మీది ఉదాహరణ కావాలంటే కులం సంగతి చూడండి. 1965లో జాతి వివక్ష నిర్మూలన ఒప్పందం ముసాయిదా నడుస్తున్నప్పుడు, నిర్వచనంలో "వంశం" అన్న మాట చేర్చమని ప్రతిపాదించింది భారత ప్రతినిధులే. తర్వాతి దశాబ్దాల్లో ఆ మాటలోకి కులం వస్తుందని ఆ ఒప్పందం అమలును చూసే కమిటీ అంటే, రాదని వాదించిందీ మన ప్రభుత్వమే. 2001లో జాతి వివక్ష మీద ఐక్యరాజ్యసమితి జరిపిన డర్బన్ సదస్సులో దళిత సంఘాలు ఒకవైపు, ప్రభుత్వం ఇంకోవైపు. 2002లో కమిటీ తన 29వ సాధారణ సిఫారసులో కులం లాంటి వ్యవస్థల వివక్ష కూడా ఇందులోకి వస్తుందని స్పష్టంగా రాసింది.

అయితే ఈ కథను డర్బన్‌లో మొదలుపెట్టేవాళ్లకు సగం అర్థం కాదు. కారంచేడు నుంచి మొదలుపెట్టండి. 1985 జూలై 17న అక్కడ దళితులను చంపారు. ఆ చావుల తర్వాత ఊరు వదిలి చీరాల చేరిన జనం, ఆ శిబిరం చుట్టూ లేచిన ఉద్యమం. 1989లో ఎస్సీ, ఎస్టీల అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో మళ్లీ దళితుల హత్యలు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు కొట్టేసింది. చట్టం ఉన్నా న్యాయం అందని ఇలాంటి అనుభవాలే దళిత సంఘాలను ఐక్యరాజ్యసమితి దాకా నడిపించింది. మా తరం దీన్ని పుస్తకాల్లో కాదు, కరపత్రాల్లో చదువుకుంది.

ఎన్‌కౌంటర్ల విషయమూ అంతే. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఫిర్యాదులు పట్టుకుని వెళితేనే జాతీయ మానవ హక్కుల కమిషన్ 1997 మార్చిలో ఎదురుకాల్పుల మరణాలపై రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపింది. 2014లో సుప్రీంకోర్టు, పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ వేసిన కేసులో 16 అంశాలు నిర్దేశించింది. వీటి పక్కన అనుమానాస్పద మరణాల దర్యాప్తుపై ఐక్యరాజ్యసమితి మిన్నెసోటా ప్రోటోకాల్ (1991, సవరణ 2016) పెట్టుకుని చదవండి. పోస్టుమార్టం వీడియో, స్వతంత్ర దర్యాప్తు, కుటుంబానికి సమాచారం ఎలా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ప్రయాణించాయో చూడండి. కె.జి. కన్నబిరాన్, కె. బాలగోపాల్ లాంటి లాయర్లు ఈ ఊళ్లో కోర్టుకూ వీధికీ మధ్య తిరుగుతూ చేసిన పని తెలియకుండా హైదరాబాద్‌లో ఈ సబ్జెక్టు చదివానని ఎవరూ అనకూడదు. ఇది నా గట్టి నమ్మకం.

"మానవ హక్కులు పాశ్చాత్యుల సరుకు" అనే వాదన మీకు తప్పకుండా ఎదురవుతుంది. పూర్తిగా కొట్టిపారేయకండి, వలస రాజ్యాలు ఏలిన దేశాలు కూడా విశ్వ మానవ హక్కుల ప్రకటన రాయడానికి కూర్చున్నాయన్నది నిజం. కానీ 1946లోనే దక్షిణాఫ్రికాలో భారతీయుల పట్ల వివక్షను జనరల్ అసెంబ్లీలో నిలబెట్టింది మన విజయలక్ష్మీ పండిట్. ఆ ప్రకటన మొదటి ఆర్టికల్‌లో "పురుషులందరూ" అని ఉండబోతే "మానవులందరూ" అని మార్పించింది హంసా మెహతా. హైదరాబాద్‌వాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 1948 సెప్టెంబర్ 16న పారిస్‌లో కూర్చున్న భద్రతామండలి ముందు భారత్ మీద నిజాం ప్రభుత్వ ఫిర్యాదు ఉంది. మర్నాటికి పోలీసు చర్య ముగిసింది. అదే పారిస్‌లో డిసెంబర్ 10న ప్రకటన ఆమోదం పొందింది, అనుకూలంగా 48 ఓట్లు, తటస్థంగా 8, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. దేశాల సార్వభౌమత్వం, మనుషుల హక్కులు ఒకే నగరంలో మూడు నెలల తేడాతో బల్ల మీదికొచ్చాయి. ఆ రెంటి మధ్య పేచీ ఇంకా తేలలేదు.

ఇక చేయాల్సిన పని. ఐక్యరాజ్యసమితి కమిటీలకు దేశం ఇచ్చే నివేదిక, సంఘాలు ఇచ్చే షాడో రిపోర్టు, కమిటీ చివరి వ్యాఖ్యలు, మూడూ నెట్‌లో ఉచితంగా ఉంటాయి. మూడింటినీ పక్కపక్కన పెట్టి ఒక్క విషయం మీద చదవండి. పౌర, రాజకీయ హక్కుల కమిటీ 1997 తర్వాత మన దేశాన్ని సమీక్షించింది 2024 జూలైలో. ఆ మధ్య ఇరవై ఏడేళ్ల నిశ్శబ్దం కూడా ఒక పాఠమే. సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలో కూర్చుని పాత పత్రికలు తిరగేయండి. హైకోర్టులో హెబియస్ కార్పస్ (నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే పిటిషన్) విచారణ రోజున వెనక బెంచీలో కూర్చోండి. సమాచార హక్కు దరఖాస్తు కనీసం ఒకటి రాయండి. బాలాపూర్ వెళ్తే రోహింగ్యా కుటుంబాల బస్తీలు ఉన్నాయి. 1951 శరణార్థుల ఒప్పందంలో మనం లేం కాబట్టి, ఐక్యరాజ్యసమితి సంస్థ ఇచ్చే శరణార్థి కార్డుకు మన చట్టంలో ఎంత బలం ఉందో అక్కడివాళ్ల జీవితమే చెబుతుంది. కానీ ఫోన్ కెమెరా తీసి వెళ్లకండి.

ఆ మాట మీద కొంచెం ఆగుతాను. నిజనిర్ధారణ చదువు కోసం చేసే విహారం కాదు. ఎవరి బాధ అడుగుతున్నారో వాళ్లు మీరు వెళ్లిపోయాక కూడా ఆ ఊళ్లోనే ఉండాలి. పేర్లు రాసుకోవద్దు, రాసుకుంటే వాళ్ల అనుమతితోనే. రెండోవైపు వాళ్ల మాట కూడా వినండి. మొదట్లో ఒకసారి నేను అవతలి పక్షాన్ని కలవకుండా రిపోర్టు రాశాను. అందులో ఒక్క తేదీ తప్పు పోయింది. దాన్ని పట్టుకుని ఎదుటి లాయరు మొత్తం రిపోర్టునే అబద్ధమన్నాడు. దాని ఫలితం నేను కాదు, ఆ కుటుంబం అనుభవించింది.

ఒక సాంకేతిక విషయం. ఎవరైనా మీ సలహా అడిగితే ముందుగా తేదీ చూడండి. సంఘటన జరిగి ఏడాది దాటితే మానవ హక్కుల కమిషన్ విచారించదు, మానవ హక్కుల రక్షణ చట్టం 36(2) సెక్షన్. ఒడంబడికలన్నీ తెలిసి ఈ ఒక్క గడువు తెలియక ఫిర్యాదులు పోగొట్టిన యువ లాయర్లను చూశాను.

విదేశంలో ఎల్‌ఎల్‌ఎమ్ గురించి. వెళ్లగలిగితే మంచిదే, కానీ వెంటనే వద్దు. రెండేళ్లు ఇక్కడి ట్రయల్ కోర్టులో తిరిగి వెళ్లండి. అప్పుడు అక్కడి క్లాసులో మీ దగ్గర ప్రశ్నలుంటాయి. కోర్సు ఎంచుకునేటప్పుడు అందులో చట్టంతో పాటు రాజనీతి, సామాజిక శాస్త్రం, క్షేత్ర పరిశీలన ఉన్నాయో లేదో చూడండి. ఒట్టి ఒప్పందాల పాఠమే అయితే అప్పు చేసి వెళ్లాల్సిన పని లేదు. షామీర్‌పేటలో నల్సార్ లా యూనివర్సిటీ, ఉస్మానియా క్యాంపస్‌లో ఓయూ లా కాలేజీ ఉన్నాయి. ఉద్యోగం మాట దాచకుండా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. కేవలం అంతర్జాతీయ మానవ హక్కుల చట్టం మీద బతికే లాయరును ఈ ఊళ్లో నేను చూడలేదు. సర్వీసు కేసులు, కుటుంబ కేసులు, బెయిళ్లు చేస్తూ, వాటి మధ్యలో ఈ పని చేస్తాం.

మీది ఏ జిల్లా అన్నది రాయలేదు. రాస్తే, అక్కడి ఏ కేసుతో మొదలుపెట్టవచ్చో, ఏ కాగితాలు ఎక్కడ దొరుకుతాయో చెబుతాను. గల్ఫ్ వలస ఉన్న ఊరైతే మాత్రం వెతకనక్కర్లేదు, పక్కింటి తలుపు తట్టండి.